నిలబెట్టిన రాయి

అతన్ని ఊళ్ళో రసమట్టం మేస్త్రి అనేవాళ్ళు. గోడ వంకర పట్టించే ఆ నీటిబుడగ పరికరం ఎప్పుడూ అతని చొక్కా జేబులో ఉండేదన్నది ఒక కారణం. దాన్ని జేబులోంచి తీయకుండానే వంకర పట్టేసేవాడన్నది అసలు కారణం. ఒకసారి మంగలి షాపులో గడ్డం గీయించుకుంటూ, ఎదురుగా ఉన్న అద్దం వేలెడు ఒరిగిందని సగం నురగ మొహంతో లేచి, మేకు సరిచేసి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "ఇంక నీ మీసం ముట్టుకోవాలంటే నాకు చెయ్యి వణుకుతుందయ్యా" అన్నాడు మంగలి. మేస్త్రి ఆ మాట నలుగురికీ చెప్పుకుని నవ్వేవాడు. పని విషయంలో కాస్త పొగరున్న మనిషే. ఆ చేతికి ఆ మాత్రం పొగరు ఉండొచ్చులే అనుకునేవాళ్ళు జనం.

రాతి పని అతను మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత ఆ మేనమామ కూతుర్నే చేసుకున్నాడు. మామయ్య కూర్చోబెట్టి పాఠం చెప్పే రకం కాదు. బండి దిగిన రాయి పక్కన అల్లుణ్ణి నిలబెట్టి, "తడిమి చూడు. ఇది కొండలో ఎటు పడుకుని ఉండేదో చెప్పు" అనేవాడు. తప్పు చెబితే మారు మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. ఒప్పు చెప్పినా అంతే.

ఇసుకరాయికి ఆ పడక చాలా ముఖ్యం. ఎప్పుడో ఒక ఏరో సముద్రమో తెచ్చిపోసిన ఇసుక పొర మీద పొరగా పేరుకుంటుంది. పైబరువుకు నలిగి, రేణువుల మధ్య ఏదో ఒక ఖనిజం జిగురులా పట్టుకుని, చివరకు రాయవుతుంది. రాయి అయ్యాక కూడా ఆ పొరలు దాని ఒంట్లో అలాగే ఉండిపోతాయి. కాబట్టి భూమిలో ఎలా పడుకుందో గోడలోనూ అలాగే పడుకోబెట్టాలి. అప్పుడు పైవరస బరువు పొరల్ని కదలకుండా నొక్కి పెడుతుంది. అదే రాయిని లేపి నిలబెడితే పొరలన్నీ తలుపు రెక్కల్లా నిలువుగా నిలబడతాయి. పై అంచుల్లోంచి నీళ్ళు లోపలికి దిగుతాయి. వెలుపలి రెక్కను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. రాతి పని నేర్చిన ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. మేస్త్రికి అందరికంటే బాగా తెలుసు. అతని సిగ్గంతా ఆ తెలియడంలోనే ఉంది.

ఊరి లైబ్రరీ ముందు భాగం కొత్తగా కట్టించాలని కమిటీవాళ్ళు అనుకున్నప్పుడు పని అతనికే ఇచ్చారు. రాయి తెచ్చుకోవడానికి మామూలుగా వెళ్ళే క్వారీకే వెళ్ళాడు. క్వారీ యజమానిని మేస్త్రి 'అన్నా' అని పిలిచేవాడు, ఆయన ఇతన్ని 'తమ్ముడూ' అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. మేస్త్రి పని నేర్చుకునే రోజుల నుంచీ ఆయన దగ్గర రాయి కొంటూ కొంటూ కలిసిపోయిన పిలుపులవి.

ఆ రోజు అన్న కొత్తగా తెరిచిన పొర ఒకటి చూపించాడు. మనిషి ఎత్తు పలక. దాని పైముఖం మీద అలలు. నీళ్ళు వెనక్కి తగ్గాక తడి ఇసుక మీద మిగిలే గీతలు ఉన్నవి ఉన్నట్టు గట్టిపడి రాయైపోయాయి. వేళ్ళు పెట్టి నడిపిస్తే ఒక్కో అల మీద ఎక్కి దిగుతున్నట్టుంది. మేస్త్రికి ఒళ్ళు ఝల్లుమంది. పడుకోబెడితే ఈ అలలన్నీ సిమెంటు కింద దాగిపోతాయి. చూసేవాడికి సన్నటి అంచు తప్ప ఏమీ దక్కదు. నిలబెడితే మాత్రం లైబ్రరీ ముందు ఒక సముద్రమే నిలబడుతుంది.

"నిలబెడితే ఏం కాదా తమ్ముడూ?" అని అన్న అడిగాడు కూడా.

"వెనక ఇనప పట్టీలు వేస్తున్నా. పైన చూరు దించుతున్నా. నాకు వదిలెయ్ అన్నా."

"నీ చేతికి నేను చెప్పేదేముందిలే" అన్నాడాయన.

ప్రారంభం రోజున జనం గోడ ముందు నిలబడి నోరు తెరిచారు. కమిటీ పెద్ద మైకులో మేస్త్రిని పిలిచి పక్కన నిలబెట్టుకుంటే చప్పట్లు మోగాయి. చిన్నపిల్లలు రాతి అలల మీద చేతులు రాస్తూ 'కదులుతోంది, కదులుతోంది' అని అరిచారు. మేస్త్రి కళ్ళు గుంపులో భార్య కోసం వెతికాయి. ఆమె గోడకేసి చూస్తోంది. కాస్త ఆలస్యంగా ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

మొదటి వానాకాలం గడిచింది. రెండోదీ గడిచింది. మూడో ఏడు వానలు వెనకబట్టాక గోడ మీద తెల్లటి ఉప్పు పూసింది. మేస్త్రి ఎవరూ చూడకుండా తడిగుడ్డతో తుడిచి వచ్చాడు. నాలుగు రోజులకు మళ్ళీ పూసింది. లోపలికి దిగిన నీళ్ళు రాతిలోని లవణాలను మోసుకొచ్చి, ఆరేటప్పుడు పొరల సందుల్లో వదిలిపెడుతున్నాయి. ఆ ఉప్పు గడ్డకట్టే కొద్దీ సందు పెద్దదవుతోంది. ఒక మధ్యాహ్నం తలుపు పక్కన అలల రెక్క ఒకటి, అరచేతి మందాన, దభీమని మెట్ల మీద పడి ముక్కలైంది. దేవుడి దయ, ఆ క్షణాన మెట్ల మీద ఎవరూ లేరు.

ఊళ్ళో అదే కబురు. టీ కొట్టు దగ్గర నలుగురూ మేస్త్రి చుట్టూ చేరారు. "ఏమైంది మేస్త్రీ, నీ పనికి ఇలా జరగడమేంటి?" అని అడిగారు. నిజంగా దిష్టి తగిలిందేమోనన్నట్టు అడిగారే గాని ఒక్కడి గొంతులోనూ అనుమానం లేదు. ఆ అనుమానం లేకపోవడమే అతన్ని పడేసింది.

"రాయి మంచిది కాదు. పొరల్లో మట్టి ఉంది" అనేశాడు. "ఈమధ్య క్వారీ నుంచి సరైన సరుకు రావడం లేదు."

నోరు జారిందని సరిపెట్టుకోవడానికి కూడా లేదు. తర్వాత ఇంట్లో కూతురు అడిగితే అదే మాట మరింత వివరంగా చెప్పాడు. ఆ పిల్లను అతను పిచ్చుక అని పిలిచేవాడు. పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి అడుగుతూనే ఉండేది.

మాట ఊరు దాటింది. పక్క ఊళ్ళో పెద్ద పని చేయిస్తున్న కాంట్రాక్టరు ఆ క్వారీని వదిలి వేరే చోట రాయి తీసుకున్నాడు. అతన్ని చూసి ఇంకొందరు. ఒకరోజు క్వారీ అన్న మేస్త్రి ఇంటికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నా రాయిలో మట్టి ఉందన్నావట."

"నేను అలా అనలేదన్నా. ఆ ఒక్క పొర గురించే... జనం ఏదంటే అది కలిపేస్తారు."

"ఉంటే చెప్పు. నాకు కనబడలేదేమో. నువ్వు చూసుంటావు."

తల ఎత్తకుండా "ఉన్నట్టే అనిపించింది" అన్నాడు మేస్త్రి. ఆయన "సరే మేస్త్రీ" అని వెళ్ళిపోయాడు. తమ్ముడూ అనలేదని వీధి మలుపు తిరిగాక గాని మేస్త్రికి తట్టలేదు.

లోపలినుంచి భార్య వచ్చింది. "బావా, మొదటి రోజే చూశాను నేను" అంది.

"ఏం చూశావు?"

"పడుకోవాల్సిన రాయిని నిలబెట్టావని. అందరూ చప్పట్లు కొడుతుంటే ఏమనను?"

"రాయి గురించి నీకేం తెలుసు?" అని అరిచాడు. జుట్టు నిండా రాతి పొడితో పెరిగిన పిల్ల ఆమె. చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఆ రోజు నుంచి అతను లైబ్రరీ వీధి మానేసి చుట్టు తిరిగి పనికి పోవడం మొదలుపెట్టాడు.

అయినా ఎంతకాలం తిరుగుతాడు? లైబ్రేరియనమ్మ స్వయంగా కబురు పెట్టింది. ఊడేలా ఉన్న ముక్కలు ముందే రాలగొట్టకపోతే ఎవరి నెత్తిన పడతాయోనని ఆమె భయం. మేస్త్రి కర్రలు కట్టి, బల్లలు వేసి, ముక్కలు వీధిలోకి ఎగరకుండా ముందు పచ్చటి పరదా కట్టాడు. లోపల నిలబడి సుత్తితో ఒక్కో రాయినీ తట్టి వింటున్నాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. విడిపోయినది డొల్లగా పలుకుతుంది. ఎక్కువ రాళ్ళు డొల్లగానే పలికాయి.

అప్పుడు పరదా బయట పిల్లల గోల వినిపించింది. పక్కనే ఉన్న బడి నుంచి సైన్సు టీచరు తన తరగతిని తీసుకొచ్చింది. అది పిచ్చుక తరగతే.

"పుస్తకంలో బొమ్మలు చూసింది చాలు" అంటోంది టీచరు. "మూడు రకాల శిలలూ ఈ ఒక్క బిల్డింగులోనే ఉన్నాయి. మీరు నిలబడ్డ మెట్లు చూడండి. గ్రానైట్. గింజలు గింజలుగా కనబడుతోందా? భూమి లోపల కరిగిన రాయి మెల్లగా చల్లారితే గింజలు పెరగడానికి తీరిక దొరుకుతుంది. దీన్నేమంటాం?"

"అగ్నిశిల!"

"లోపల నేల పాలరాయి. ఒకప్పుడు మామూలు సున్నపురాయి. లోపలి వేడికి, ఒత్తిడికి మారిపోయింది. కరగలేదు, గట్టిగా ఉంటూనే మారింది."

"రూపాంతర శిల!"

"మరి ఈ గోడ?"

"ఊడిపోయే శిల టీచర్!" అన్నాడొకడు. పిల్లలంతా విరగబడి నవ్వారు. పరదా వెనక మేస్త్రి చెవులు భగ్గుమన్నాయి. సుత్తి చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు.

టీచరు కూడా నవ్వు ఆపుకుంటూ, "అవక్షేప శిల. ఇసుకరాయి" అంది. "ఊడిపోయింది కదా అని మెత్తటి రాయి అనుకోకండి." కింద పడ్డ ముక్క ఒకటి తీసినట్టుంది. "ఈ మేకుతో గీస్తున్నా చూడండి. రాయి మీద గీత పడిందా? లేదు, మేకే అరిగి దాని మీద అంటుకుంది. లోపలున్నది స్ఫటికం. ఇనుము కంటే గట్టిది. పొరల్లో మట్టి ఉంటే తడి వేలికి అంటాలి. అంటలేదు. చాలా మంచి రాయి ఇది."

"మరి ఎందుకు ఊడింది టీచర్?"

"మీ పుస్తకాలు ఇలా ఇవ్వండి." పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చిన చప్పుడు. "పడుకోబెట్టి పైన చెయ్యి వేశాను. ఇప్పుడు అట్ట తెరవండి చూద్దాం. రావడం లేదు కదా? ఇప్పుడు నిలబెడుతున్నా. మొదటి అట్ట ఎలా తెరుచుకుందో చూశారా? కట్టినవాళ్ళు రాయిని నిలబెట్టారు. అంతే."

"వాళ్ళకి తెలీదా టీచర్?"

"తెలిసుండదు పాపం."

అప్పుడు వినిపించింది పిచ్చుక గొంతు. "మా నాన్నే కట్టారు టీచర్. మా నాన్నకి రాళ్ళ గురించి అన్నీ తెలుసు."

బయట ఒక్కసారిగా సద్దుమణిగింది.

"రాయిలోనే మట్టి ఉందట. క్వారీ అతను మంచి రాయి ఇవ్వలేదట. మా నాన్న చెప్పారు."

 టీచరు చాలా మెత్తగా, "అలాగా అమ్మా. అయ్యుండొచ్చు" అంది.

ఆ 'అయ్యుండొచ్చు'లో ఉన్న జాలి మేస్త్రి గుండెలో ఉలిలా దిగింది. చెయ్యి చాపితే పరదా. పక్కకు తీస్తే చాలు. 'అవును, నేనే కట్టాను, రాయి తప్పేమీ లేదు' అంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. తన అబద్ధం కూతురి నోట ఎంత శుభ్రంగా, ఎంత ధీమాగా వినిపించింది! తన గొంతులో అది ఎప్పుడూ అలా పలకలేదు. అతను పరదా తీయలేదు. ఒక కాలు కింది బల్ల మీద, ఒక కాలు పై బల్ల మీద ఉంది, పిక్క పట్టేసింది. దగ్గు వస్తే మోచెయ్యి నోట్లో కుక్కుకున్నాడు. పిల్లల చప్పుడు బడి గేటు దాటేదాకా దొంగలా అలాగే నిలబడ్డాడు.

తర్వాత దిగి, చేతులైనా కడుక్కోకుండా సైకిలెక్కి క్వారీకి పోయాడు.

క్వారీలో ఇవతలి వైపు మిషన్లు ఆగి ఉన్నాయి. షెడ్డు పక్కన నాలుగు పలకలు వరసగా ఆనించి ఉన్నాయి. అన్న డబ్బాతో వాటి మీద నీళ్ళు పోస్తున్నాడు.

"ఏం చేస్తున్నావన్నా?"

"చూస్తున్నా మేస్త్రీ. రోజూ తడుపుతున్నా, ఎండబెడుతున్నా. మట్టి ఉంటే బయటపడాలి కదా. ఇంకా పడలేదు." ఆయన కళ్ళు చికిలించి పలక దగ్గరికి వంగాడు. "నా కళ్ళకే ఆనడం లేదేమో. ఆ పొర మూసేశా. నిన్నటినుంచి అవతలి వైపు తవ్విస్తున్నా. అక్కడి రాయి అంత బాగుండదు. అయినా జనానికి చెడ్డ సరుకు అమ్మలేం కదా."

మేస్త్రి ఆ తడి రాళ్ళ ముందు కూలబడిపోయాడు. "అన్నా, రాయిలో ఏమీ లేదు. నేనే నిలబెట్టాను. నిలబెట్టకూడదని తెలిసే నిలబెట్టాను. అలలు కనబడాలని."

ముందు అన్న మొహం విచ్చుకుంది. "అంటే రాయి మంచిదేనా?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"బంగారం లాంటి రాయన్నా."

ఆయన డబ్బా కింద పెట్టి, తడి పలకను అరచేత్తో పైనుంచి కింది దాకా నిమిరాడు. జ్వరం తగ్గిన బిడ్డ ఒళ్ళు చూసుకున్నట్టు చూసుకున్నాడు. ఆ తర్వాత గాని కోపం రాలేదు. 

"మరి నన్నెందుకన్నావు?"

"నన్నెవరూ అనకుండా ఉండాలని."

అన్న డబ్బాలో మిగిలిన నీళ్ళు నేల మీద గుమ్మరించాడు. "నాకు చెప్పి ఏం లాభం? అన్నచోటే చెప్పు పో."

మర్నాడు పొద్దున టీ కొట్టు నిండుగా ఉన్నప్పుడు మేస్త్రి వెళ్ళి నిలబడ్డాడు. పక్క ఊరి పని చేయిస్తున్న కాంట్రాక్టరు కూడా అక్కడే ఉన్నాడు. గోడ ఊడింది రాయి వల్ల కాదని, తన చేతి వల్లేనని చెప్పాడు. తిట్లు పడతాయని సిద్ధపడి వచ్చిన మనిషికి అక్కడ ఎదురైంది వేరు.

"పోనీలే మేస్త్రీ, క్వారీ ఆయన వచ్చి బతిమాలాడా?" అన్నాడు టీ కొట్టతను. "స్నేహితుడి కోసం నెత్తిన వేసుకుంటున్నావు. నీ మనసు మాకు తెలీదా?"

"ఈ రోజుల్లో ఎవడు చేస్తాడండీ ఇలా" అని ఇంకొకడు మెచ్చుకున్నాడు.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "మంచి మనసు కాదయ్యా! సిగ్గులేనితనం!" అని అరిచాడు. అయినా వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. చివరికి కాంట్రాక్టరును చెయ్యి పట్టుకుని లైబ్రరీ దాకా లాక్కుపోయాడు. వెనక నలుగురైదుగురు వచ్చారు. పరదా పక్కకు లాగి, పొర సందులో వేలు పెట్టి చూపించాడు. "ఇది పడక. ఇలా అడ్డంగా ఉండాలి. నేను నిలువుగా పెట్టాను. మా మామయ్య బతికుంటే చేతిలో సుత్తి లాగేసుకునేవాడు." ఇంకా నమ్మరేమోనని, అదే పొరలోని ముక్కను అడ్డంగా నేల మీద పెట్టి సుత్తితో కొట్టాడు. ఖంగుమంది.

కాంట్రాక్టరు చాలాసేపు గోడ చూశాడు. "మా ఇంటి ముందు పని కూడా నువ్వేగా చేసింది?" అన్నాడు.

"నేనే. అక్కడ అన్నీ పడుకోబెట్టాను."

"ఊఁ" అన్నాడు కాంట్రాక్టరు. సాయంత్రం ఆయన మనిషి ఒకడు ఆ ఇంటి రాళ్ళు తట్టి చూస్తుండగా మేస్త్రి అటుగా పోతూ చూశాడు. ఆగలేదు.

ఇంటికొచ్చాక పిచ్చుకకు చెప్పాడు. పిల్ల పెన్సిలు కింద పెట్టి విన్నది.

"అయితే నేను టీచరుతో అబద్ధం చెప్పానా?"

"నువ్వు కాదమ్మా. నేను."

"నేనేం చెప్పానో నీకెలా తెలుసు?" అని అడిగి, తనే అర్థం చేసుకుంది. "నువ్వు లోపలే ఉన్నావా?"

తలూపాడు.

"మరి బయటికి రాలేదేం నాన్నా?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె వంటగది గడప దగ్గర నిలబడి వింటోంది. పొయ్యి మీదిది చూసుకోవడానికి లోపలికి తిరిగింది. మర్నాడు పిచ్చుక తన సంచీ తనే తగిలించుకుని, అతని సైకిలు కోసం ఆగకుండా నడిచి బడికి పోయింది. ఆ తర్వాత చాలా రోజులు అంతే. ఏదీ అడగడం మానేసింది. ఇల్లంతా పొద్దున పూట అంత నిశ్శబ్దంగా ఉండగలదని మేస్త్రికి అప్పుడే తెలిసింది.

అతను గోడ మొత్తం విప్పేశాడు. కూలి వద్దని ముందే చెప్పాడు. క్వారీ అన్న మూసిన పొర మళ్ళీ తెరిచి రాయి పంపాడు గాని తను రాలేదు, డ్రైవరు చేత పంపాడు. ఎప్పుడైనా ఎదురుపడితే "ఏం మేస్త్రీ" అంటాడు, అంతే. మేస్త్రి ఈసారి పొట్టి వరసలుగా, పడక చూసి, మట్టం చూసి కట్టుకుంటూ వచ్చాడు. పని గట్టిగానే ఉంది. చూడ్డానికి మాత్రం మామూలు గోడ. లైబ్రేరియనమ్మ ఒకరోజు బయటికొచ్చి చూసి, "ఏమైనా మునుపటిదే కళగా ఉండేది కదూ" అని నిట్టూర్చింది. మేస్త్రి సిమెంటు కలుపుతూ "అవునండీ" అన్నాడు.

పాత అలల పలకల్లో చెడిపోనివి కొన్ని మిగిలాయి. వాటిని ఏం చెయ్యాలో తోచక పక్కన పేర్చి పెట్టాడు. ఒక మధ్యాహ్నం పిచ్చుక బడి నుంచి వస్తూ ఆగింది. చాలాసేపు ఆ రాళ్ళను చూసి, తండ్రి వైపు కాకుండా రాళ్ళ వైపే చూస్తూ అంది.

"ఇవి పడుకోబెడితే ఊడవు కదా?"

"ఊడవు."

"అయితే నేల మీద పరవొచ్చుగా. పిల్లలు కూర్చుని చదువుకుంటారు."

లైబ్రరీ పక్కన ఖాళీ జాగాలో పరిచాడు, అలలు పైకి ఉండేలా. వరస సరిచూస్తుంటే పిచ్చుక పక్కన కూర్చుని ఒకటి రెండు అడిగింది. అలల్లో ఒక వైపు వాలు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఎందుకుందని అడిగింది. నీళ్ళు ఎటునుంచి ఎటు పారాయో దాన్నిబట్టి తెలుస్తుందని చెప్పాడు. మళ్ళీ అడగడం మొదలుపెట్టిందే గాని, మునుపటిలా చెప్పింది చెప్పినట్టు నమ్మదు. విన్నాక ఓసారి వంగి, తన వేలితో తను చూసుకుంటుంది. అది మంచిదేనని అతనికి తెలుసు. అయినా ఆ పిల్ల వంగిన ప్రతిసారీ అతని తల కూడా వంగుతుంది.

ఇప్పటికీ అతను రాతి పనే చేస్తున్నాడు. ఈమధ్య కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన వచ్చి, గుమ్మానికి అటూ ఇటూ ఎత్తైన ఇసుకరాయి పలకలు నిలబెట్టమని అడిగాడు. ఎక్కడో ఫొటోలో చూశాడట.

"నిలబెట్టకూడదండీ. పొరలు ఊడిపోతాయి."

"ఊడిపోతాయని ఏంటి గ్యారంటీ?"

"లైబ్రరీకి నేను అలాగే పెట్టాను. ఊడిపోయాయి" అన్నాడు మేస్త్రి. ఆ ఒక్క వాక్యం చెప్పేసరికి ఎప్పటిలాగే చెవులు వేడెక్కాయి, చూపు తనంతట తనే నేల మీదికి జారింది.

ఇంటాయన ఆలోచించి చెబుతానని వెళ్ళాడు. తర్వాత ఆ పని ఇంకో మేస్త్రికి ఇచ్చాడని తెలిసింది.